వీడియో పంపితే దండం పెట్టి వదిలేస్తున్నారు: ప్రసంగాల గ్రూపులో మాట కలిపేదెలా?

అమ్మా, చదివేవాళ్లందరికీ అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెప్తాను. మీది టెక్కలి. డిగ్రీలో కలిసి చదువుకున్నవాళ్లు, కొందరు టీచర్లు, కొందరు పిల్లల తల్లిదండ్రులు కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. స్ఫూర్తినిచ్చే ప్రసంగాల్లో నచ్చినవి పంచుకుని వాటి గురించి మాట్లాడుకోవాలన్నది మీ ఆలోచన. కానీ రోజుకు పదేసి వీడియోలు వచ్చి పడుతున్నాయి. వాటికింద దండాలు, చప్పట్ల బొమ్మలు తప్ప ఒక్క మాట ఉండడం లేదు. ఏ ప్రసంగాలు పెట్టాలి, చర్చ ఎలా నడపాలి అని అడిగారు.

నేను విజయనగరంలో హైస్కూల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. మా పేటలోని గ్రంథాలయం గదిలో ఆదివారాలు పిల్లలూ పెద్దలూ కలిసి ఒక ప్రసంగం విని, దాని గురించి మాట్లాడుకునే కూటమి చాలా ఏళ్లుగా నడుపుతున్నాను. ఆ అనుభవంతోనే చెప్తున్నాను.

మీ వాళ్లకు ఆసక్తి లేదని అనుకోకండి. పావుగంట చొప్పున పది వీడియోలంటే రెండున్నర గంటలు. ఉద్యోగం, వంట, పిల్లల హోంవర్కు ఉన్న మనిషి అంతసేపు వినలేడు. పంపినవాళ్లను చిన్నబుచ్చడం ఇష్టంలేక దండం పెడుతున్నాడు, అంతే. కాబట్టి మొదట చేయాల్సింది తగ్గించడం. వారానికి ఒక్క ప్రసంగం చాలు. దాన్ని పెట్టేవాళ్లు లింకుతోపాటు తమ సొంత మాటల్లో నాలుగు ముక్కలు రాయాలి. మాట్లాడింది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏ భాగం తప్పకుండా వినాలి, తమకు మిగిలిపోయిన సందేహం ఏమిటి. ఆ సందేహమే అసలు సరుకు. "అద్భుతం, అందరూ వినండి" అని పెడితే ఎవరైనా ఏం జవాబిస్తారు? సందేహం పెడితే, తెలిసినవాళ్లు చెప్పకుండా ఉండలేరు.

మా కూటమి వాట్సాప్ గ్రూపులో ఒక అమ్మాయి ఇలా రాసింది: "ఇది స్టీవ్ జాబ్స్ 2005 జూన్‌లో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ స్నాతకోత్సవంలో ఇచ్చిన ప్రసంగం. మొత్తం పావుగంట. మూడు కథలు చెప్తాడు, మొదటిది మాత్రం వినండి. కాలేజీ మానేశాక కూడా ఏడాదిన్నర అక్కడే తిరుగుతూ నచ్చిన క్లాసుల్లో కూర్చున్నాడట. మా ఇంట్లో అయితే ఒక్క నెల కూడా అలా ఉండనివ్వరు. మరి ఈ కథ నాకు పనికొస్తుందా?"

ఈ ఒక్క మెసేజ్ మీద మేం ఆ ఆదివారం రెండు గంటలు మాట్లాడుకున్నాం. ఇంటర్ చదివే ఒక కుర్రాడు లేచి "జాబ్సే చదువు మానేశాడు కదా మాస్టారూ, డిగ్రీ అవసరమేటి?" అన్నాడు. ఈ ప్రసంగం విన్న పిల్లల్లో చాలామంది ఆగేది సరిగ్గా ఇక్కడే. అప్పుడు హైదరాబాద్‌లో తాపీపని చేస్తూ పైడితల్లమ్మ పండగకు ఊరొచ్చిన ఒకాయన, ఆ కుర్రాడికి వరసకు మావయ్య, అందుకున్నాడు. "ఆడు ఫీజు కట్టడం మానేసినాడు గానీ క్లాసుకెళ్లడం మాన్లేదు కదేటి?" అన్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. నేను మధ్యమధ్యలో ఆపి తెలుగులో చెప్తుంటే విన్నాడు. అయినా గదిలో అందరికంటే జాగ్రత్తగా విన్నది ఆయనే. వెంటనే వెనక్కి వెళ్లి ఆ భాగం మళ్లీ పెట్టాం. నిజమే. తల్లిదండ్రులు కష్టజీవులనీ, వాళ్లు దాచుకున్నదంతా తన ఫీజుకే పోతోందనీ, అది చూడలేక కాలేజీ మానేశాననీ అతను చెప్తాడు. స్నేహితుల గదుల్లో నేలమీద పడుకున్నాడు. ఖాళీ కోక్ సీసాలు తిరిగిచ్చి, వచ్చిన చిల్లరతో తిండి కొనుక్కున్నాడు. వారానికి ఒక్కపూట మంచి భోజనం కోసం ఆదివారం రాత్రి ఏడు మైళ్లు నడిచి హరేకృష్ణ గుడికి వెళ్లాడు. అప్పుడు అక్షరాలు అందంగా రాసే క్లాసులో కూర్చున్నది పదేళ్ల తర్వాత తన ఆపిల్ కంపెనీ తయారుచేసిన మెకింటాష్ కంప్యూటర్ అక్షరాలకు పనికొచ్చింది. ఇదంతా విన్నాక మాట ఎటు పోయిందో చూడండి. మనూళ్లలో ఫీజుల కోసం పొలం అమ్మినవాళ్లు, చెన్నైకీ హైదరాబాద్‌కీ పనికి పోయిన నాన్నలు, ఆ సంగతి పిల్లలతో చెప్పుకోని ఇళ్లు. ఇదంతా ఆ ప్రసంగంలో లేదు, మాలోంచి వచ్చింది. నాకు కావాల్సింది అదే.

అందుకే అడిగే ప్రశ్న మీద శ్రద్ధ పెట్టండి. "దీన్నుంచి మీరేం నేర్చుకున్నారు?" అని అడగొద్దు. అడిగారంటే అందరూ పరీక్షలో రాసినట్టు కష్టపడాలి, పట్టుదల ఉండాలి అని అప్పజెప్తారు. "ఇది వింటుంటే మీకు తెలిసినవాళ్లలో ఎవరు గుర్తొచ్చారు?" అని అడగండి. "ఎక్కడ మీకు నమ్మకం కుదరలేదు?" అని అడగండి. రెండో ప్రశ్నకు మొదట్లో ఎవరూ నోరు విప్పరు, పెద్దమనిషి మాటను కాదనడం తప్పనుకుంటారు. గ్రూపు నడిపే మీరే ముందు మీ సందేహం చెప్పాలి. రెండు మూడు వారాలు గడిస్తే అలవాటు పడతారు.

మన జిల్లాలవాళ్లు తప్పకుండా వినాల్సిన ప్రసంగం ఒకటి చెప్పమంటే నేను చిమమాంద గోజీ అదిచీ పేరు చెప్తాను. నైజీరియా రచయిత్రి. 2009లో టెడ్ (చిన్న ప్రసంగాలు ఏర్పాటు చేసి ఇంటర్నెట్‌లో పెట్టే సంస్థ) వేదిక మీద 19 నిమిషాల లోపే మాట్లాడింది. ఒక మనిషి గురించి, ఒక ప్రాంతం గురించి ఒకే కథ పదేపదే వింటే ఎంత ప్రమాదమో చెప్తుంది. మొదటి అయిదు నిమిషాల్లోనే తమ ఇంట్లో పనిచేసిన ఫిడే అనే కుర్రాడి సంగతి వస్తుంది. వాళ్లు చాలా పేదవాళ్లని అమ్మ ఎప్పుడూ చెప్తుండేది. ఒకసారి వాళ్ల ఊరు వెళ్తే, ఫిడే సోదరుడు అల్లిన రంగురంగుల బుట్టను వాళ్లమ్మ చూపించింది. ఆ ఇంట్లోవాళ్లు చేత్తో ఏదైనా తయారుచేయగలరన్న ఆలోచనే తనకు అంతవరకూ రాలేదని ఆశ్చర్యపోయానంటుంది.

ఇది మా కూటమిలో పెట్టినప్పుడు ముందు అందరం మన బాధే చెప్పుకున్నాం. శ్రీకాకుళం అనగానే వెనకబడిన జిల్లా, వలసలు, ఉద్దానం కిడ్నీ జబ్బులు, తుపాన్లు. మన యాస అనగానే సినిమాలో నవ్వించే పాత్ర. ఇవన్నీ అయ్యాక, సీతంపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకుంటున్న సవర అనే గిరిజన తెగకు చెందిన ఒక అమ్మాయి మాట్లాడింది. "మా ఊరి పేరు చెప్పగానే మీరంతా మొదట అడిగేది చేతబడి గురించే. మా అమ్మ గోడ మీద బియ్యప్పిండితో బొమ్మలేస్తుంది, దాని గురించి ఇంతవరకూ ఎవరూ అడగలేదు" అంది. అప్పటిదాకా మన గురించి బయటివాళ్లు చెప్పే ఒకే కథను తిట్టుకుంటున్న మేం, మేమూ ఆ అమ్మాయికి అదే చేస్తున్నామని తెలుసుకున్నాం. మరుసటి వారం తను నల్లబల్ల మీద ఆ బొమ్మలు వేసి, ఏది ఎందుకు వేస్తారో చెప్పింది. మాట గిడుగు రామమూర్తి పంతులుగారి మీదికి మళ్లింది. తెలుగు భాషా దినోత్సవం ఆగస్టు 29 ఆయన పుట్టినరోజని పిల్లలకు తెలుసు. ఆయన పుట్టింది శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో అనీ, సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశాడనీ చాలామందికి అప్పుడే తెలిసింది. పందొమ్మిది నిమిషాల ప్రసంగం మాకు నెలరోజులు సరిపోయింది.

మీ గ్రూపులో తల్లిదండ్రులు, టీచర్లు ఉన్నారు కాబట్టి సర్ కెన్ రాబిన్సన్ 2006లో బడుల గురించి ఇచ్చిన టెడ్ ప్రసంగం కూడా పెట్టుకోవచ్చు. అందులో గిలియన్ లిన్ అనే పిల్ల కథ ఉంటుంది. క్లాసులో కుదురుగా కూర్చోదని బడివాళ్లు ఫిర్యాదు చేస్తే తల్లి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. ఆయన రేడియో పెట్టి, తల్లితో కలిసి గది బయటికి వచ్చి చూస్తే లోపల పిల్ల డాన్సు చేస్తూ ఉంటుంది. ఆమెను డాన్సు స్కూల్లో వేయమంటాడు. పెద్దయ్యాక ఆమె పేరున్న నృత్య దర్శకురాలైంది. ఈ కథ విన్నాక ప్రతి ఇంట్లోంచీ ఒక పిల్లాడో పిల్లో గుర్తొస్తారు. కానీ ఒక్కరి విజయంతో అందరి సంగతీ తేలిపోదని కూడా ఎవరో ఒకరు అనాలి. అనకపోతే మీరు అనండి. తెలుగువాళ్లకు దగ్గరగా ఉండే ప్రసంగం కావాలంటే, హైదరాబాద్‌లో పనిచేసే సునీతా కృష్ణన్ 2009లో మైసూరులో టెడ్ ఇండియా వేదిక మీద మాట్లాడింది ఉంది. ఆడపిల్లల అక్రమ రవాణా గురించి చాలా సూటిగా చెప్తారు. చిన్నపిల్లలున్న గ్రూపులో పెట్టకండి, పెద్దవాళ్లకు కూడా ముందుగా చెప్పి పెట్టండి.

ఇంగ్లీషు రానివాళ్ల గురించి అడిగారు. టెడ్ ప్రసంగాలకు ప్రపంచమంతటా ఔత్సాహికులు ఉచితంగా అనువాదాలు చేస్తారు, 2009 నుంచి నడుస్తున్న పని అది. తెలుగు సబ్‌టైటిళ్లు కొన్నిటికే ఉన్నాయి, కాబట్టి ముందు వెతికి చూసుకుని ఎంచుకోండి. యూట్యూబ్‌లో యంత్రం చేసే అనువాదం కొంత సాయపడుతుంది గానీ మాటలు తేడా కొడతాయి. దానిమీద ఆధారపడి వాదించొద్దు. వేగాన్ని 0.75కి తగ్గిస్తే ఇంటర్ పిల్లలు చాలావరకు అందుకుంటారు. అన్నిటికంటే మంచిది కలిసి కూర్చుని, మూడు నాలుగు నిమిషాలకోసారి ఆపి, ఒకరు తెలుగులో చెప్పడం. అలా చెప్పే బాధ్యత పిల్లలకే ఇవ్వండి, వాళ్ల ఇంగ్లీషూ బాగుపడుతుంది.

తెలుగులో చాగంటి కోటేశ్వరరావు గారి ప్రవచనాలు, పద్మశ్రీ అందుకున్న గరికపాటి నరసింహారావు గారి ప్రసంగాలు మీ గ్రూపులో ఎలాగూ వస్తుంటాయి. రానివ్వండి. పెద్దవాళ్లకు అవి ప్రాణం. అయితే గంటన్నర ప్రవచనం మీద చర్చ పెడితే సాగదు. అందులో ఒక్క పిట్టకథ తీసుకుని, విన్నవాళ్లను తమ మాటల్లో మళ్లీ చెప్పమనండి. మన ప్రాంతానికి ఇది కొత్త కాదు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారిది ఇక్కడి అజ్జాడే. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. హరికథ విన్నవాళ్లు మర్నాడు అరుగు మీద చెప్పుకునేది పిట్టకథలే. మా కూటమికి వచ్చే ఒక మామ్మగారు చదువుకోలేదు. విన్న పిట్టకథను తన కోడలి సంగతితో ముడిపెట్టి చెప్తే, పుస్తకాలు చదివిన మేం నోరెళ్లబెట్టి వింటాం. ఇలాంటి పెద్దవాళ్లు టైప్ చేయలేరు కాబట్టి వాయిస్ మెసేజ్ పెట్టమనండి, నిమిషం మించకుండా. మా గ్రూపులో దండం బొమ్మలు తగ్గింది వాయిస్ మెసేజ్‌లు మొదలయ్యాకే. మతం, పార్టీలు వచ్చినచోట మాత్రం గట్టిగా ఉండండి. ఆ గొడవ ఒక్కసారి మొదలైతే గ్రూపు మిగలదు.

ఇక నిజానిజాలు. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు. స్టీవ్ జాబ్స్ మరణశయ్య మీద చెప్పిన మాటలంటూ ఒక పెద్ద వ్యాసం తిరుగుతూ ఉంటుంది, అది ఆయనది కాదు. అబ్దుల్ కలాం గారి ఫొటో కింద ఏ మాట రాసినా జనం నమ్మేస్తారు. ఆయన 2015 జూలై 27న షిల్లాంగ్ ఐఐఎంలో విద్యార్థులకు ప్రసంగిస్తూనే కుప్పకూలి కన్నుమూశారు. చివరి ఘడియ దాకా పాఠం చెప్పిన అలాంటి మనిషికి ఆయన అనని మాటలు అంటగట్టడం అన్యాయం. మా నియమం ఒక్కటే. ఎక్కడ, ఎప్పుడు మాట్లాడారో తెలియని ముక్క గ్రూపులో పెట్టకూడదు. వాట్సాప్‌లో జంట బాణం గుర్తుతో, చాలాసార్లు ఫార్వార్డ్ అయిందని చూపిస్తే మరింత జాగ్రత్తగా ఉండాలి. కత్తిరించిన ముక్క వస్తే పూర్తి ప్రసంగం వెతికి దాని లింకు పెట్టండి. ముందూ వెనకా వింటే కొన్నిసార్లు అర్థమే తిరగబడుతుంది.

ప్రసంగం అసలైనదే అయినా అందులో చెప్పిన శాస్త్రం నిలబడకపోవచ్చు. ఎమీ కడీ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 2012లో ఇచ్చిన టెడ్ ప్రసంగం కోట్లమంది చూశారు. నడుం మీద చేతులు పెట్టుకుని ఠీవిగా రెండు నిమిషాలు నిలబడితే ఒంట్లో హార్మోన్లు మారి ధైర్యం వస్తుందన్నది అందులో మాట. దానికి ఆధారమైన 2010 నాటి పరిశోధనలో పాల్గొన్నది 42 మంది. 2015లో వేరే బృందం 200 మందితో చేసి చూస్తే హార్మోన్లలో ఆ మార్పు కనిపించలేదు. మరుసటి ఏడాది మొదటి పరిశోధనలో పాలుపంచుకున్న డానా కార్నీయే ఆ ప్రభావం నిజమని తాను నమ్మడం లేదని బహిరంగంగా చెప్పింది. ఇది మా పిల్లలకు చెప్పినప్పుడు, ఇంటర్వ్యూకు ముందు అలా నిలబడి వెళ్లిన ఒక అమ్మాయి "నాకు టెన్షన్ తగ్గింది కదా మాస్టారూ" అంది. తగ్గి ఉండొచ్చు, మంచిదే. కానీ హార్మోన్ల మాట ఇంకొకరికి చెప్పేటప్పుడు ఈ రెండో సంగతి కూడా చెప్పాలని అందరం అనుకున్నాం. తను అనుకున్నదాన్ని తనే వెనక్కి తీసుకున్న ఆ పరిశోధకురాలి నిజాయితీ నాకు ఆ ప్రసంగం కంటే ఎక్కువ స్ఫూర్తినిచ్చింది.

ఇంకొక్కటి, ఇది చాలా ముఖ్యం. ఇంటర్ రిజల్ట్స్ వచ్చే రోజుల్లో ఓడిపోయి గెలిచినవాళ్ల వీడియోలు గుంపుగా పంపడం ఆపండి. ఫెయిలైన పిల్లాడికి ఆ సమయంలో కావాల్సింది పక్కన కూర్చునే మనిషి. ఎవరైనా తిండి మానేసి, నిద్ర లేకుండా, బతుకు మీద విరక్తిగా మాట్లాడుతుంటే ప్రసంగంతో సరిపెట్టొద్దు. వెంటనే ఇంటికి వెళ్లండి, ఒంటరిగా వదలకండి, డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, డబ్బులు పడవు. ఇది మీ గ్రూపు వివరాల్లో పైనే రాసి పెట్టండి.

ఇదంతా గాడిలో పడ్డాక మీరు చేయగలిగిన గొప్ప పని ఒకటుంది. మనవాళ్ల ప్రసంగాలు మీరే తయారుచేయండి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో వెయిట్‌లిఫ్టింగ్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అయింది. ఆమె కథ అందరికీ తెలుసు. తెలియనివాళ్లు మన చుట్టూ ఎందరో ఉన్నారు. మేం పొందూరులో నూలు వడికే ఒక పెద్దావిడను అడిగి పది నిమిషాలు మాట్లాడించాం. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఎలా దువ్వుతారో ఆవిడ చేసి చూపించింది. సన్నటి పళ్ల వరస మీద పత్తిని లాగుతుంటే చెత్త రాలిపోయి పోగులన్నీ ఒకవైపుకు తిరుగుతాయి. చేతులు ఆగకుండానే పెళ్లి, కరువు, కూతురి చదువు అన్నీ చెప్పుకొచ్చింది. "ఏటి చెప్పమంటావు నాయనా, నాకు స్పీచీలు రావు" అంటూ మొదలుపెట్టిన మనిషి. వేదికా మైకూ ఇచ్చి ఉంటే ఆ మాటలు వచ్చేవి కావు. పని చేసుకుంటుండగా మాట్లాడించడం వల్లే వచ్చాయి. పలాసలో జీడిపప్పు వలిచే అక్కలు, గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి చేపల వేట చేసి వచ్చిన మత్స్యకారులు, 2018లో తిత్లీ తుపానుకు పడిపోయిన తోటల్ని మళ్లీ నాటుకున్న ఉద్దానం రైతులు, అందరూ మీకు దగ్గరే.

రికార్డు చేయడానికి ఫోను చాలు. ఫ్యాను ఆపేయండి, ఫోను అడ్డంగా పట్టుకోండి, ఇయర్‌ఫోన్ మైకు గొంతుకు దగ్గరగా పెట్టండి. జనం బొమ్మ బాగోకపోయినా చూస్తారు గానీ మాట వినపడకపోతే చూడరు. గ్రూపులో పెట్టే ముందు వాళ్లకు ఒకసారి చూపించి ఒప్పుకున్నాకే పెట్టండి. వద్దన్న ముక్క తీసేయండి.

విన్నవాటికి, తీసినవాటికి ఒక నోటు పుస్తకం పెట్టండి. మాట్లాడినవారు, ఏడాది, చోటు, నిడివి, మీ గ్రూపులో వచ్చిన మంచి ప్రశ్న. శ్రీకాకుళంలో కథా రచయిత కాళీపట్నం రామారావు గారు, అందరూ పిలిచే కారా మాస్టారు, 1997లో కథానిలయం అనే గ్రంథాలయం పెట్టి తెలుగు కథలన్నీ ఒక్కచోట చేర్చే పని మొదలుపెట్టారు. వీలైతే మీ వాళ్లందరినీ ఒకసారి అక్కడికి తీసుకెళ్లండి. ఒక మనిషి పట్టుబడితే ఎంత పోగుచేయగలడో కళ్లారా చూస్తారు, పుస్తకం రాసే ఓపిక దానంతటదే వస్తుంది.

రోజూ పదేసి వీడియోలు పంపే పెద్దాయన గురించి మీరు ఇబ్బందిగా రాశారు. ఆయన్ని గ్రూపులో అందరి ముందూ ఆపమనకండి. విడిగా ఫోన్ చేసి "బాబాయ్, మీరు పంపినవాటిలో ఈ వారానికి ఒక్కటి మీరే ఎంచి పెట్టండి, ఎందుకు నచ్చిందో ఒక నిమిషం మీ గొంతుతో చెప్పండి" అని అడగండి. అన్ని వీడియోలు పంపుతున్నాడంటే, మీ గ్రూపులో అందరికంటే ఎక్కువ వింటున్నది ఆయనే అయ్యుంటాడు. మొదటి వారం ఆయనతోనే మొదలుపెట్టండి. రెండో వారం జాబ్స్ మొదటి కథ, తర్వాత అదిచీ. ఆమె ప్రసంగానికి మాత్రం రెండు వారాలు ఇవ్వండి.